ముప్పైఒక్క అడుగుల దోవ

ముందు పోయినవాటి లెక్క చెప్తాను. ఏడాదికి రెండు కాపులు కాసే మునగ చెట్టు ఒకటి. బట్టలుతికే రాయి ఒకటి. కోళ్ళ గూడు ఒకటి, అందులో పెట్టలు నాలుగు, పుంజు ఒకటి. పెరటి నేల మూడడుగుల వెడల్పున, ముప్పైఒక్క అడుగుల పొడుగున, అంటే తొంభైమూడు చదరపు అడుగులు. పెరటి గోడలోని ఇటుకలు పదహారు వందల ఇరవై గాని, వాటిని తిరిగి వాడుకున్నాం కాబట్టి పోయినవాటిలో వేయను. మధ్యాహ్నం పూట అమ్మ తీసే కునుకు ఒకటి పోయింది. దానికి కొలత లేదు కాబట్టి ఒకటి అనే వేసుకుంటున్నాను. ఇవన్నీ పోయింది ఒక దోవ కోసం. ఆ దోవని కొలవడానికి పోయిన నెల ఒక అమ్మాయి వచ్చింది. వీధులకి కొత్త నెంబర్లు ఇస్తున్నారట, చేతిలో చిన్న డబ్బీలాంటి పరికరం, దాంట్లోంచి ఎర్ర చుక్క ఎదురు గోడ మీద పడితే చాలు, కొలత వచ్చేస్తుంది. ఆమె ఆ చుక్క వేసి, తెరలో అంకె చూసి, మొహం చిట్లించింది. ఎందుకు చిట్లించిందో నాకు తెలుసు. ముదలియార్‌పేటలో ఆ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే మిగిలాం.

నా చదువు పదో తరగతితో ఆగింది. తట్టాంచావడిలో ఒక చిన్న ఫ్యాక్టరీ స్టోర్సులో ఇరవైఆరేళ్ళుగా నట్లూ బోల్టులూ లెక్కపెడుతున్నాను. ఇంట్లో తెలుగు, ‘అంతే’ అనాల్సిన చోట తమిళపు ‘దా’ తగిలించే తెలుగు; వీధిలో తమిళం. మా ఇళ్ళల్లో చాలామందిలాగే తెలుగు అక్షరాలు మాత్రం రావు; నేను ముప్పైనాలుగో ఏట, గోడ క్యాలెండరు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. అంకెలు అంతకు చాలా ముందే వచ్చాయి, కరెంటు స్తంభాల మీదనుంచి. మా నాయన లైన్‌మన్. వెదురు నిచ్చెన భుజాన వేసుకుని, సైకిల్ హ్యాండిలుకి బల్బుల సంచి తగిలించుకుని తిరిగేవాడు. ఆయన దగ్గర ఎప్పుడూ రబ్బరు గ్లవ్సుల వాసన వచ్చేది, అన్నం కలుపుతున్నా సరే. స్తంభాలకి నెంబర్లు వేసే పని కూడా ఆయనదే. నల్ల పెయింటు డబ్బా పట్టుకుని నేను వెంట నడిచేదాన్ని.

ఆ నెంబర్లలోనే ఊరు ఎలా పెరుగుతుందో నాకు తెలిసింది. సముద్రం పక్క వీధుల్లో ఆ నెంబర్లకి పెద్ద పనిలేదు. అక్కడ వీధులు గళ్ళ చీరలా అడ్డంగా నిలువుగా వెళ్తాయి, ఏ మూల నిలబడినా నాలుగు దోవలు. మా వైపు అట్లా కాదు. మా వైపు ఒకప్పుడు తోటలు. ఒక్కో తోట ఆసామి తన తోటని ముక్కలు చేసి అమ్ముకునేటప్పుడు, తన ముక్కలకి సరిపడా ఒక సందు వదిలేవాడు. ఆ సందు పెద్ద రోడ్డు నుంచి బయల్దేరి, ఆయన తోట అయిపోయేచోట గోడకి తల ఆనించి ఆగిపోయేది. దాన్ని ముట్టుసందు అంటాం. గోడకి అవతల ఇంకో ఆసామి తోట, ఇంకో రోడ్డు నుంచి వచ్చి ఆగిపోయిన ఇంకో ముట్టుసందు. పెద్ద రోడ్డు స్తంభం ఇరవైమూడైతే, అక్కడ చీలిన మా సందులో మొదటి స్తంభం ఇరవైమూడులో ఒకటి, ఆఖరిది ఇరవైమూడులో తొమ్మిది. చెట్టుకి కొమ్మ, కొమ్మకి రెమ్మ. ఒక రెమ్మ నుంచి పక్క రెమ్మకి పోవాలంటే చీమైనా మొదట్లోకి దిగి మళ్ళీ ఎక్కాలి. మేమూ అంతే.

మా ఇల్లు సందులో ఆఖరిది. మా పెరడూ, దర్జీ వరదరాజులు మామ పెరడూ పక్కపక్కనే. మధ్యలో ముప్పైఒక్క అడుగుల గోడ. గోడకి ఈ కొసన మా సందు ఆగిపోతుంది, ఆ కొసన వాళ్ళ సందు ఆగిపోతుంది. మామ మిషను తొక్కే చప్పుడు మా వంటింట్లోకి వినపడేది, మిషను నూనె వాసన వచ్చేది. మా అమ్మ తిరగమోత పెడితే గోడ అవతల మామ కూతురు విజయ తుమ్మేది. అంత దగ్గర. కానీ విజయతో ఆడుకోవాలంటే నేను మా సందు దాటి, పెద్ద రోడ్డు మీద నడిచి, మూల తిరిగి మిల్లు రోడ్డు పట్టి, వాళ్ళ సందులోకి రావాలి. గోడ ఎక్కితే తొమ్మిది అడుగులు, నడిస్తే వెయ్యీ డెబ్భై. నేనే లెక్కపెట్టాను.

అయితే ఆ గోడ నా ఆటకి అడ్డం కంటే సరోజత్త కూటికి ఎక్కువ అడ్డం. సరోజత్త నాయనకి అక్క. చిన్నప్పటి జ్వరంతో ఎడమ కాలు సన్నబడిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. మిల్లులో నూలు కండెలు చుట్టే పని. పొద్దున్నే నాలుగు ఇడ్లీలు డబ్బాలో సర్దుకుని, జుట్టు ముడేసుకుని, కర్ర పట్టుకుని బయల్దేరేది. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల్లో దూది పింజలు. ఆమె గడప దాటగానే పచ్చి నూలు వాసన ఇల్లంతా పరుచుకునేది. మొహం కడుక్కుని, ఒక గ్లాసు కాఫీ తాగి, ఆ పింజలు ఒక్కొక్కటీ తీసి నా చేతిలో పెట్టేది. “ఈ పొద్దు ఎన్ని?” అనేది. నేను చెప్పేదాన్ని. అత్త నాకు నేర్పిన కూడిక అదే.

నాయన సైకిల్ మీద దించుతానంటే ఒప్పుకునేది కాదు. “నా కాళ్ళతో పోయి నా కాళ్ళతో వస్తా. నన్ను మూటగట్టి క్యారేజీ మీద పెడతావా, తమ్ముడా?” అనేది. ఆమెకి ఇంటి నుంచి మిల్లు గేటుకి పద్నాలుగు వందల అరవై అడుగులు. ఒకరోజు వెనకాలే నడిచి లెక్కపెడుతుంటే పట్టుకుంది.

“ఏమే కస్తూరీ, నా అడుగులు ఎంచుతా ఉండావా? నీకేమన్నా పిచ్చా?”

“గోడ లేకుంటే ఐదు వందల ఇరవైదా, అత్తా,” అన్నాను.

అత్త నవ్వలేదు. కర్ర మీద బరువు మోపి, ఆ అంకెని నా నోట ఇంకోసారి చెప్పించుకుంది.

ఆ వానాకాలం ఆమె రెండుసార్లు ఆలస్యమైంది. పెద్ద రోడ్డు మూలలో నీళ్ళు నిలిచేవి, ఆమె కర్ర అందులో జారేది. ఆ మిల్లులో సైరన్ ఆగితే గేటు మూత. మూడోసారి ఆలస్యమైతే పేరు కొట్టేస్తామని మేస్త్రీ చెప్పేశాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర నాయన ఆ మాట ఎత్తాడు. మనం మూడడుగులు, వరదరాజులు మూడడుగులు వదిలితే ఆరడుగుల దోవ పడుతుంది, గోడ తీసేద్దాం అన్నాడు.

అమ్మ చారు గరిటె గిన్నెలోనే వదిలేసింది. “మూడడుగులంటే మునగ చెట్టు పోతాది. రాయి పోతాది. కోళ్ళను యాడ పెట్టేది, నీ నిచ్చెన మీదనా?”

“కోళ్ళు ఇంకోచోట కొనుక్కోవచ్చులే.”

“ఊళ్ళో వాళ్ళందరూ నా పెరట్లో నడిచిపోతా ఉంటే నేను యాడ తల దువ్వుకునేది?”

సరోజత్త తలెత్తలేదు. “వద్దులే తమ్ముడా. ఆమె చెప్పేది న్యాయమేదా. నేను ఇంకో అరగంట ముందు లేస్తా,” అంది.

అమ్మ లేచింది. కంచాలు తీస్తూ, “అరగంట ముందు లేస్తే నాకు నిద్ర పట్టదు, ఆ కర్ర చప్పుడుకి,” అంది. “కొట్టేయండి ఆ చెట్టు. కాయలు మాత్రం ముందు కోసుకోనీండి.” వారం రోజులు మా ఇంట్లో మునక్కాయ సాంబారు, మునక్కాయ పులుసు, మునగాకు వేపుడు. ఇప్పటికీ ఆ వాసన తగిలితే నాకు గోడ పగలగొట్టే చప్పుడు గుర్తొస్తుంది.

వరదరాజులు మామని అడగడానికి నాయన వెయ్యీ డెబ్భై అడుగులు నడిచి వెళ్ళాడు, గోడ మీదుగా అడగడం మర్యాద కాదని. మామ మెడలో టేపు వేసుకుని కాజాలు కుడుతున్నాడట. “అక్క కోసమైతే అడగాలా, అన్నా?” అన్నాడట, సూది పక్కన పెట్టకుండానే.

ఆదివారం పొద్దున కొలిచాం. గోడ మధ్యన దారం కట్టారు. నాయనకి కొలత అంటే నిచ్చెనే. మెట్టుకీ మెట్టుకీ సరిగ్గా అడుగు. నిచ్చెన నేల మీద పడుకోబెట్టి, మూడు మెట్లు లెక్కపెట్టి, మా వైపు మేకులు కొట్టాడు. అవతల మామ తన టేపు తీశాడు. దారం దగ్గర టేపు కొస తానే పట్టుకుని కూర్చున్నాడు. రెండో కొస ఆయన భార్య పద్మావతక్క చేతిలో.

“ముప్పైఆరు రాంగానే చెప్పు,” అన్నాడు మామ.

“వచ్చేసింది. ముప్పైఆరు,” అంది పద్మావతక్క.

“గట్టిగా చూడు. అన్న సొత్తు, తక్కువ పడగూడదు.”

“నాకు కండ్లు ఉండాయిలే, నీ కొస నువ్వు పట్టుకో!”

మేకులు కొట్టారు. రెండు ఇటుకల మందాన ఉన్న పాత గోడని విప్పి, ఒక్క ఇటుక మందాన రెండు గోడలు లేపారు. పదిరోజుల పని. పది రోజులూ అత్త పాత దోవన, అరగంట ముందు లేచే వెళ్ళింది. పదకొండో రోజు పొద్దున, సున్నం ఇంకా తడి తడిగా వాసన వేస్తుంటే, కొత్త దోవలో నడిచింది. నేను వెనకాలే. ఐదు వందల పన్నెండు. నా అంచనాకి ఎనిమిది తక్కువ. గేటు దగ్గరికి వెళ్ళేసరికి సైరన్ ఇంకా మొదలే కాలేదు. అత్త గేటు పక్క అరుగు మీద కూర్చుని, మిల్లులో చేరాక మొదటిసారి, లోపలికి వెళ్ళేముందు టీ తాగింది.

తప్పు కనిపెట్టింది నేనే. కొత్త దోవ వెడల్పు ఎంతో చూద్దామని బడి స్కేలు తీసుకెళ్ళి నేల మీద ఒకదాని కొసన ఒకటి పెట్టుకుంటూ వెళ్ళాను. ఐదున్నర వచ్చింది. మళ్ళీ పెట్టాను. ఐదున్నరే. నాయనకి చెప్తే నా స్కేలుని అనుమానించి నిచ్చెన తెచ్చాడు. మా వైపు మూడు. వాళ్ళ వైపు రెండున్నర. నాయన మొహం నల్లబడింది. ఆయనకి నేల మీద ఆశ లేదు. మామ మీద నమ్మకం పోతుందేమోనని భయం. రెండు రోజులు ఆ మాట లోపలే పెట్టుకున్నాడు. మూడో రోజు మామే వచ్చి, “ఏందన్నా, నన్ను చూసి తల తిప్పుకుంటా ఉండావు?” అని అడిగేశాడు.

నాయన చెప్పాడు. మామ మెడలోంచి టేపు తీసి మా అరుగు మీద పరిచాడు. అందరం వంగి చూశాం. టేపు మీద మొదటి అంకె ఏడు. ముందరి ఆరంగుళాలు ఎప్పుడో నలిగి చినిగితే కత్తిరించేసి, కొస మడిచి నీటుగా కుట్టుకున్నాడు. బట్ట కొలిచేటప్పుడు ఆ ఆరూ ఆయన వేళ్ళే తీసేసేవి. ఏళ్ళ తరబడి ఒక్క జాకెట్టు బిగుతు కాలేదు. కానీ నేల కొలిచిన రోజు చినిగిన కొస ఆయన చేతిలో ఉంది, అంకె చదివింది పద్మావతక్క. తెలిసిన చెయ్యి ఒక కొసన, చదివిన కన్ను ఒక కొసన.

మామకి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. “గోడ పగలగొడతా, అన్నా. రేపే మేస్త్రీని పిలుస్తా. అన్న నేల మింగినానని రేపు ఎవడూ అనగూడదు.”

అప్పుడే మిల్లు నుంచి వచ్చిన సరోజత్త, కనుబొమల్లో దూదితోనే, కర్ర అడ్డం పెట్టింది. “గోడ పగలగొట్టి, మళ్ళీ కట్టేకి ఎన్ని దినాలు?”

“ఐదు దినాలు అక్కా.”

“ఐదు దినాలు దోవ మూస్తే నేను యాడ పోయేది? మూడో లేటు నువ్వు వేయించుకుంటావా? నా కర్రా నేనూ పోయేకి రెండడుగులు చాలు. మిగతా మూడున్నరా నీకేలే.”

నాయన నవ్వేశాడు. పద్మావతక్క కూడా నవ్వింది, “కండ్లు ఉండాయి అన్నా కదా, అంకెలు ఉండాయా అని చూసుకోలేదు,” అంటూ. మామ ఒక్కడు నవ్వలేదు. టేపు చుట్టి జేబులో పెట్టుకుని, “సరి. బాకీ అని పెట్టుకోండి. ఆరంగుళాలు. నేను పోయేలోగా ఇస్తా,” అన్నాడు.

ఆ రోజు నుంచి ప్రతి ఆయుధపూజకీ ఆయన మిషనుకీ కత్తెరకీ గంధం పెట్టి, ఆ పొట్టి టేపుకి కూడా ఒక బొట్టు పెట్టి, బొరుగులూ శనగపప్పూ పొట్లం కట్టుకుని మా ఇంటికి వచ్చేవాడు. నాయన నిచ్చెనకి కుంకం పెట్టి ఎదురుచూసేవాడు. “బాకీ గుర్తుండాదన్నా,” అనేవాడు మామ. “వడ్డీ బొరుగులా?” అనేవాడు నాయన. ఏటేటా అదే మాట, ఏటేటా అదే నవ్వు. గోడ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఎప్పుడు పని మొదలుపెడదామన్నా ఎవరో ఒకరు ఆ దోవన నడవాల్సినవాళ్ళు ఉండేవారు. ముందు అత్త ఒక్కతే. తర్వాత మా సందులో మిల్లుకి పోయే మరో ఏడుగురు. ఆ తర్వాత బడి పిల్లలు, పాలవాడు, ఇటు నుంచి అటు పోయే పెళ్ళి బాజా కూడా.

ఆ దోవలో ఒక లైటు కావాలని నాయన అర్జీ పెట్టి స్తంభం తెప్పించాడు. నెంబరు వేయాల్సి వచ్చేసరికి బ్రష్షు పట్టుకుని నిలబడిపోయాడు. మా సందు కొమ్మ నుంచి ఎంచితే అది ఇరవైమూడులో పది. వాళ్ళ సందు నుంచి ఎంచితే ముప్పైఒకటిలో ఏడు. “ఏది వేసేది?” అని నన్నడిగాడు. అంత పెద్దాయన నన్ను లెక్క అడిగింది అదే మొదలు. “రెండూ వెయ్యి,” అన్నాను. ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి వేశాడు. దాని ఫలితం, బల్బు పోయినప్పుడల్లా ఆఫీసులో రెండు కంప్లయింట్లు, రెండు బల్బులు, రెండు నిచ్చెనలు. ఒకసారి నాయనా, ఇంకో లైన్‌మనూ చెరో వైపు నుంచి నిచ్చెనలు ఆనించి పైన ఎదురుపడ్డారట. చాలా తర్వాత నాకు అర్థమైంది, ఆ స్తంభం దగ్గర కొమ్మ కొమ్మని పట్టుకుంది. అక్కడితో మా వైపు ఊరు చెట్టులా ఉండడం మాని వలలా మారడం మొదలైంది. మమ్మల్ని చూసి మరో మూడు ముట్టుసందులవాళ్ళు గోడలు తీశారు. ప్రతి దోవ వెనకా ఎవరిదో ఒక మునగ చెట్టు ఉంది. ఆఫీసులో గీసిన పటాల్లో ఆ చెట్లు ఉండవు.

అత్త ఆ దోవన పంతొమ్మిదేళ్ళు నడిచింది. ఏడాదికి మూడు వందల రోజులు, రోజుకి రెండుసార్లు, ప్రతిసారీ తొమ్మిది వందల నలభైఎనిమిది అడుగులు మిగిలాయి. మొత్తం కోటీ ఎనిమిది లక్షల ఏడు వేల రెండు వందల అడుగులు. ఇది నేను ఆమెకి చదివి వినిపించినప్పుడు మంచం మీద ఉంది. “అన్ని అడుగులు నడవకుండా మిగిల్చి ఏం చేసినానే?” అంది. “టీ తాగినావు,” అన్నాను. అవును అన్నట్టు తల ఊపింది. మూడో లేటు ఆమెకి ఎప్పుడూ పడలేదు. మిల్లు మూతపడే రోజు దాకా ఆమె పేరు పట్టీలో ఉంది.

ఇప్పుడు విల్లియనూరు రోడ్డు మీద పొలాలు ముక్కలవుతున్నాయి. నాతో పనిచేసే సెల్వి అక్కడ ఇల్లు కట్టుకుంది. ఆమె చెల్లెలి ఇల్లు గోడ అవతలే, కానీ స్కూటర్ మీద పోతే ఆరు నిమిషాలు. మళ్ళీ అవే కొమ్మలు, అవే రెమ్మలు, అంతే ఎత్తు గోడలు. గోడ తీయమని ఎవరినైనా అడగమన్నాను. “ఎవరక్కా ఇస్తారు, ఇప్పుడు అడుగు నేల ఎంతో తెలుసా?” అంది. తెలుసు. మాకు అప్పుడూ తెలుసు, మేం వదిలింది తొంభైమూడు అడుగులని. మావాళ్ళు మంచివాళ్ళు, వీళ్ళు కారు అని నేననను. సెల్వి సందుకి ఇంకా సరోజత్త దొరకలేదు, అంతే. దొరికినప్పుడు గోడ దానంతట అదే పల్చబడుతుంది. దానికి ఒక తరం పట్టొచ్చు. ఊళ్ళకి తొందర ఉండదు.

మా దోవ ఇప్పుడు సిమెంటు దోవ. రెండు బండ్లు ఎదురైతే ఒకటి కొసన ఆగాలి. ఎవరు ముందు లైటు వేస్తే వాళ్ళు ముందు. నాయన లేడు, అత్త లేదు, పద్మావతక్క లేదు. అమ్మ కూతురి దగ్గర కూర్చుని ఇప్పటికీ ఆ మునక్కాయల్లాంటివి మార్కెట్లో లేవంటుంది. ఆ కూతురిని నేనే. మామ ఆరేళ్ళ కిందట పోయాడు. పోయేముందు విజయని పిలిచి, డబ్బులూ నగలూ ఏమీ చెప్పలేదట, “కస్తూరివాళ్ళకి ఆరంగుళాలు” అన్నాడట. అప్పటి నుంచి ఆయుధపూజకి బొరుగులు విజయ తెస్తోంది. పొట్టి టేపుకి బొట్టు కూడా తనే పెడుతోంది.

పోయిన నెల వచ్చిన ఆ కొలత అమ్మాయి మొహం చిట్లించి, “పాత పటంలో ఆరడుగులని ఉండాది అక్కా. నాకు ఐదున్నరే వస్తా ఉంది. ఏది రాసుకునేది?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా అవతలి గుమ్మంలోంచి విజయ బయటికొచ్చింది, చేతికి ఇడ్లీ పిండితోనే.

“ఆరే రాసుకో పాపా. ఆ అర అడుగు మేం ఇవ్వాల్సి ఉండాది. మేమింకా ఇవ్వలేదు, అంతే.”

“ఎప్పుడిస్తారు ఆంటీ?” అంది ఆ పిల్ల నవ్వుతూ.

“అడిగేవాళ్ళు అడిగితే కదా ఇచ్చేది,” అని విజయ నా వైపు చూసింది.

నేను అడగలేదు. నాకు ఆరేళ్ళుగా అడగాలని లేదు; అడిగి తీసుకుంటే బొరుగుల పొట్లం ఎవరు తెస్తారు? ఆ పిల్ల పరికరం జేబులో పెట్టుకుని, సెల్‌లో ఏదో అంకె నొక్కి, మా దోవనే దాటి మిల్లు రోడ్డు వైపు వెళ్ళిపోయింది. ఏది నొక్కిందో నేను చూడలేదు. నా లెక్క నా దగ్గర ఉంది. అర అడుగు వెడల్పు, ముప్పైఒక్క అడుగుల పొడుగు. వరదరాజులు మామ కుటుంబం మా కుటుంబానికి ఈ రోజుకి ఇవ్వాల్సింది పదిహేనున్నర చదరపు అడుగులు.